చలికాలం లేకపోతే నిలవని కూజా మొక్కలు

నడి చలికాలంలో ఆరుబయట ఉన్న సరసీనియా పర్పూరియా అనే కీటకాహార కూజా మొక్కను చూస్తే అది బతికే ఉందని ఒక పట్టాన నమ్మలేము. నేలకు ఆనుకుని, నోరు పైకి తెరుచుకుని గుండ్రంగా కూర్చున్న కూజాలు పచ్చదనం పోయి ముదురు ఎరుపులోకి తిరిగి ఉంటాయి. వాటిలో నిలిచిన వాననీరు అడుగుదాకా గడ్డకట్టి, కూజా లోపలి ఆకారంలోనే మంచు అచ్చుగా మారుతుంది. వేలితో తడితే ఆకు వంగదు, చెక్కలా గట్టిగా తగులుతుంది. మొక్క సహజంగా పెరిగే చోటైతే ఆ మంచుగడ్డలో సన్నటి పాలిపోయిన పురుగులు కూడా చిక్కుకుని ఉంటాయి. అవి వయోమియా స్మితియై అనే దోమ లార్వాలు. ఈ దోమ సంతానం పెరిగేది ఈ మొక్క కూజాల్లోని నీటిలోనే. చలికాలమంతా ఆ లార్వాలు మంచులో కదలకుండా ఉండి, వసంతంలో నీరు కరగగానే మళ్ళీ ఈదడం మొదలుపెడతాయి. చచ్చినట్టు కనిపించిన ఆకు కూడా వాటితో పాటే తేరుకుని, కొత్త కూజాలు తెరుచుకునేదాకా వెలుగును పట్టి మొక్కను నిలబెడుతుంది.

కీటకాహార మొక్క అనగానే అద్దాల పెట్టెలో వెచ్చగా, ఉక్కగా ఉంచి కాపాడుకోవలసిన సుకుమారమైన మొక్క అనే అభిప్రాయం బలంగా ఉంది. ఈ అభిప్రాయానికి మూలం పాఠ్యపుస్తకాల్లో బొమ్మగా కనిపించే నెపంథిస్. ఆకు కొన నుంచి తీగలా సాగి, దాని చివర కూజా వేలాడే నెపంథిస్ జాతులు చాలావరకు ఆగ్నేయాసియా ఉష్ణమండలానికి చెందినవి. వాటికి మంచు పడదు. సరసీనియా కుటుంబం దానికి దగ్గరి చుట్టం కూడా కాదు. పురుగును గొట్టంలో పడేసి అరిగించుకునే పద్ధతిని ఈ రెండు కుటుంబాలూ పరిణామక్రమంలో వేర్వేరుగా సంపాదించుకున్నాయి. సరసీనియాలో కూజా వేలాడదు; నేలలోని కొమ్ము (పసుపుకొమ్ము లాంటి దుంప) నుంచి నేరుగా పైకి లేస్తుంది, ఆకు మొత్తం గొట్టమైపోతుంది. ఈ ప్రజాతి అంతా ఉత్తర అమెరికాదే. వర్గీకరణ చేసేవారిని బట్టి ఇందులో ఎనిమిది నుంచి పదకొండు జాతులను లెక్కిస్తారు. వీటిలో ఎక్కువ జాతులు అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల తీరమైదానాల్లో, పొడవాకు పైన్ చెట్ల మధ్యనున్న తడి పచ్చికబయళ్ళలో పెరుగుతాయి. పర్పూరియా ఒక్కటే ఉత్తరానికి చాలా దూరం వెళ్ళి కెనడా అంతటా వ్యాపించింది. న్యూఫౌండ్‌ల్యాండ్, లాబ్రడార్ ప్రావిన్సు దీన్ని తన అధికార పుష్పంగా ఎంచుకుంది. ప్రజాతికి పేరు కూడా ఉత్తరం నుంచే వచ్చింది. క్యుబెక్‌లో వైద్యుడిగా పనిచేసిన మిషెల్ సరజాన్ ఈ మొక్క నమూనాలను పారిస్‌కు పంపగా, వృక్షశాస్త్రవేత్త టూర్నఫోర్ 1700 ప్రాంతంలో ఆయన పేరే దానికి పెట్టాడు. 1753లో లిన్నేయస్ దాన్ని కొద్ది మార్పుతో ఖాయం చేశాడు.

ఆరుబయట పెంపకంలో ముందుగా అర్థం చేసుకోవలసిన విషయం ఒకటుంది. ఈ మొక్క చలిని ఓర్చుకుంటుందని చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. దానికి చలి కావాలి. పగలు కురచబడి, రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ కిందికి జారడం మొదలయ్యాక పెరుగుదల ఆగిపోతుంది, కూజాలు పైనుంచి కిందికి గోధుమరంగులోకి ఎండుతూ వస్తాయి, వేసవి అంతా కూడబెట్టుకున్న నిల్వ కొమ్ములో భద్రంగా ఉంటుంది. మూడు నుంచి నాలుగు నెలలు సాగే ఈ సుప్తావస్థ తర్వాతే వసంతంలో మొగ్గ, ఆపైన బలమైన కూజాలు వస్తాయి. చలికి భయపడి మొక్కను ఇంట్లో వెచ్చని కిటికీ దగ్గరికి మార్చినవారికి మొదటి సంవత్సరం తేడా తెలియదు. రెండో ఏడు కూజాలు సన్నగా, వాలిపోతూ వస్తాయి, పువ్వు రాదు. ఆ తర్వాత కొమ్ము మెత్తబడి కుళ్ళుతుంది. అప్పుడు నీరు ఎక్కువైందనో, పురుగులు దొరకలేదనో కారణం వెతుకుతారు. నిజానికి మొక్క నిద్రలేక నీరసించింది. ప్రేమతో చేసిన పనే దాని ప్రాణం తీయడం బాధాకరం, ఇది చాలా తరచుగా జరిగేది కూడా.

అలాగని ప్రతి చలీ ప్రతి జాతికీ సరిపోదు. పర్పూరియాలోని ఉత్తరపు ఉపజాతి సున్నాకు దిగువన 30 డిగ్రీలకు పడిపోయే చోట్ల కూడా మంచు దుప్పటి కింద చలికాలం గడుపుతుంది. ఇదే ప్రజాతిలోని ఫ్లేవా, ఒరియోఫిలా జాతులు, వాటి సంకరాలు నేలలో నాటి పైన కప్పు వేస్తే గట్టి చలిని కూడా నిబ్బరంగా దాటుతాయి. ల్యూకోఫిల్లా, అలాటా, రూబ్రా వాటి తర్వాతి వరుసలోవి. ఫ్లోరిడా దాకా విస్తరించిన మైనర్, నేలబారుగా పడుకుని పెరిగే సిట్టసైనా మాత్రం దక్షిణపు మొక్కలు. రాత్రిపూట పడే తేలికపాటి మంచును తట్టుకుంటాయి కానీ వారాల తరబడి నేల గడ్డకట్టే చోట వాటిని కుండీలో ఉంచి, చల్లగా ఉన్నా గడ్డకట్టని వసారాలోకి చేర్చడం మంచిది.

చలికాలంలో మొక్క చనిపోతే నింద సాధారణంగా ఉష్ణోగ్రత మీదికి వెళుతుంది. తరచుగా అసలు కారణం ఎండిపోవడం. వేళ్ళ చుట్టూ ఉన్న నీరు గడ్డకట్టినప్పుడు మొక్క దాన్ని పీల్చుకోలేదు. అదే సమయంలో ఎండ, పొడి గాలి పచ్చగా మిగిలిన ఆకుల నుంచీ, పైకి తేలిన కొమ్ము నుంచీ తేమను లాగేస్తూనే ఉంటాయి. నీటి మధ్యలో కూర్చునే మొక్క దాహంతో చనిపోతుందన్నమాట. అందుకే మంచు దట్టంగా కురిసే ప్రాంతాల్లో నిశ్చింతగా ఉండే మొక్క, అంత చలి లేకపోయినా పొడి గాలి వీచే చోట దెబ్బతింటుంది. పేరుకున్న మంచు గాలిని ఆపుతుంది, నేల వేడిని పోనివ్వదు. అది లేనిచోట ఎండిన పైన్ ఆకులను పది, పదిహేను సెంటీమీటర్ల మందాన పరచడం ఉత్తమం. పైన్ ఆకులు అణగారిపోవు, వాటి సందుల్లో గాలి ఆడుతుంది. ప్లాస్టిక్ పట్టాతో బిగించి కప్పితే లోపల తేమ నిలిచి బూజు పడుతుంది. చలి చేయని హాని ఆ బూజు చేస్తుంది. కప్పును వసంతం రాగానే తీసేయాలి, ఆలస్యమైతే కొత్త మొగ్గలు దాని కింద పాలిపోయి వంకరగా పెరుగుతాయి.

కుండీకీ నేలకూ ఉన్న తేడా కూడా ఇక్కడే తేలుతుంది. కుండీని చలి అన్ని వైపుల నుంచీ చుట్టుముడుతుంది. చిన్న కుండీ ఒక్క రాత్రిలో అడుగుదాకా గడ్డకడుతుంది, మధ్యాహ్నం ఎండకు కరుగుతుంది, మళ్ళీ రాత్రి గడ్డకడుతుంది. ఇలా పదేపదే జరిగితే మట్టి ఉబ్బి కొమ్మును పైకి నెట్టేస్తుంది, కొత్త వేళ్ళు తెగుతాయి. పెద్ద తడి మడిలో పరిస్థితి వేరు. ఒక లీటరు నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు 334 కిలోజౌళ్ళ వేడిని వదులుతుంది. వందల లీటర్ల నీరు పీల్చుకున్న మడి ఆ వేడినంతా వదిలేదాకా సున్నా డిగ్రీల దగ్గరే నిలబడి ఉంటుంది, పైన గాలి ఎంత చల్లబడినా సరే. కుండీలే దిక్కైనవారు వాటిని దగ్గరదగ్గరగా చేర్చి, గాలి తగలని గోడవారన నేలలో అంచుదాకా పాతిపెడితే చాలావరకు ఇదే రక్షణ దొరుకుతుంది.

తడి మడి తయారీ పెద్ద శ్రమ కాదు, కానీ ఒకసారి తప్పు చేస్తే మళ్ళీ తవ్వక తప్పదు. రోజుకు కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ పడే చోటు ఎంచుకోవాలి. ఈ విషయంలో రాజీ కుదరదు, నీడలో పెరిగిన సరసీనియా రంగు రాక, తన బరువు తనే మోయలేక పడిపోతుంది. నలభై సెంటీమీటర్ల లోతున గొయ్యి తీసి, చెరువులకు వాడే మందపాటి రబ్బరు షీటు పరచాలి. షీటుకు పక్కల్లో, పైనుంచి సుమారు పది సెంటీమీటర్ల కింద కొన్ని రంధ్రాలు చేస్తే భారీ వానల్లో అదనపు నీరు బయటికి పోతుంది, అడుగున మాత్రం నీరు నిలిచే ఉంటుంది. అందులో ఎరువు కలపని పీట్‌ను (బురదనేలల్లో స్ఫాగ్నం అనే నాచు సగం కుళ్ళి పేరుకున్న పదార్థం), సున్నం లేని ముతక ఇసుకనో పెర్లైట్ అనే తేలికైన తెల్లని ఖనిజపు గుళికలనో దాదాపు సమపాళ్ళలో కలిపి నింపాలి. సముద్రపు ఇసుకలో ఉప్పు, గవ్వల సున్నం ఉంటాయి కాబట్టి అది పనికిరాదు. పొడి పీట్ మొదట నీటిని తిరగగొడుతుంది. బకెట్లో వేసి చేత్తో పిసుకుతూ తడిపి, పిండితే నీరు కారేలా అయ్యాకే మడిలో వేయాలి. పీట్ కూడా ఇలాంటి బురదనేలలను తవ్వితేనే వస్తుందన్నది మరిచిపోరాదు. ఒకసారి నింపిన మడి ఏళ్ళ తరబడి నిలుస్తుంది కాబట్టి వాడేది కొంచెమే అయినా, సాగు చేసిన స్ఫాగ్నం నాచు దొరికేచోట దాన్ని కొంత కలిపితే ఆ భారం తగ్గుతుంది.

ఇంత శ్రమ ఎందుకంటే ఈ మొక్క వేళ్ళు పేదరికానికి అలవాటుపడ్డవి. స్ఫాగ్నం నాచు పేరుకున్న నేలలో నీరు పుల్లగా ఉంటుంది, నత్రజని, భాస్వరం అతి తక్కువ. ఆ లోటు తీర్చుకోవడానికే ఆకు ఉచ్చుగా మారింది. మామూలు తోటమట్టి, కంపోస్టు, పేడ ఎరువు ఏవైనా ఆ వేళ్ళను మాడ్చేస్తాయి. నీటి విషయంలోనూ అంతే. కుళాయి, బోరు నీళ్ళలో కరిగిన లవణాలు ఒక్కరోజులో హాని చేయవు. పళ్ళెంలో నీరు ఆవిరైన ప్రతిసారీ అవి మట్టిలో మిగిలిపోతూ, నెలల తరబడి పేరుకుని ఒక వేసవిలో మొక్కను హఠాత్తుగా పడేస్తాయి. వాననీరు, డిస్టిల్డ్ వాటర్, ఆర్ఓ యంత్రం నుంచి వచ్చే శుద్ధిచేసిన నీరు మాత్రమే వాడాలి. నీటిలో కరిగిన లవణాలను చూపే, చేతిలో ఇమిడే టీడీఎస్ మీటరుతో కొలిస్తే 50 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 50 పాళ్ళు) లోపు ఉండాలని పెంపకందారులు గుర్తు పెట్టుకుంటారు. ఆర్ఓ యంత్రాల్లో కొన్ని రుచి కోసం లవణాలను తిరిగి కలుపుతాయి కాబట్టి మీటరు పెట్టి చూసుకోవడమే భద్రం.

ఎరువు వేస్తే మొక్క ఇంకా బాగా పెరుగుతుంది కదా అనే సందేహానికి శాస్త్రవేత్తలు ఆరన్ ఎలిసన్, నికొలస్ గొటెల్లి 2002లో ప్రచురించిన పరిశోధన చక్కని సమాధానం ఇస్తుంది. పర్పూరియా మొక్కలకు నత్రజని అందించినకొద్దీ అవి కూజా గొట్టాన్ని చిన్నది చేసుకుంటూ, దాని పక్కనుండే రెక్క లాంటి చదునైన భాగాన్ని పెంచుకుంటూ పోయాయి. ఆహారం వేరే దారిలో దొరుకుతున్నప్పుడు ఉచ్చు నిర్మాణానికి ఖర్చు పెట్టడం వృథా అని మొక్క లెక్క వేసుకున్నట్టే. అంటే ఎరువు మొక్కను ఒకవేళ చంపకపోయినా, దేనికోసం దాన్ని పెంచుతున్నామో ఆ కూజానే మనకు దక్కనివ్వదు. అసలు ఆరుబయట ఉన్న మొక్కకు ఎవరూ పురుగులను వేయనక్కరలేదు. వేసవి చివర ఎండిన ఫ్లేవా కూజాను నిలువునా చీల్చి చూస్తే, అడుగు నుంచి సగం ఎత్తుదాకా ఈగల రెక్కలు, కందిరీగల నడుములు, పేడపురుగుల పెంకులు దిట్టంగా కూరినట్టు పొరలుగా కనిపిస్తాయి. మూత కింద, పెదవి చుట్టూ ఊరే మకరందం పురుగును రప్పిస్తుంది. ఫ్లేవాలో కొనీన్ అనే విషం కూడా దొరికింది, అది సోక్రటీస్ తాగిన హెమ్లాక్ అనే విషపు మొక్కలోని విషమే. పెదవి దాటాక గోడ నున్నగా జారుతుంది, ఇంకా దిగితే వెంట్రుకలన్నీ కిందికే చూస్తూ వెనక్కి ఎక్కనివ్వవు. ల్యూకోఫిల్లా, మైనర్ జాతుల్లో కూజా పైభాగాన ఉండే తెల్లని, వెలుగు దూసుకొచ్చే మచ్చలు ఈగకు బయటికి దారిలా తోస్తాయి. అది వాటికి కొట్టుకుని కొట్టుకుని అలసి కిందపడుతుంది. పర్పూరియా ఆహారంలో అప్పుడప్పుడు వెన్నెముక ఉన్న జీవులు కూడా ఉంటాయి: కెనడాలోని అల్గాంక్విన్ పార్కులో దీని కూజాల్లో సాలమాండర్ (బల్లిలా కనిపించే ఉభయచరం) పిల్లలు చిక్కుకుని చనిపోతున్నట్టు 2019లో శాస్త్రవేత్తలు వెల్లడించారు.

వసంతంలో చాలా జాతుల్లో కూజాల కంటే ముందు పువ్వు వస్తుంది. పరాగసంపర్కం చేసే తేనెటీగలను మొక్క తానే మింగకుండా ఉండటానికి ఈ వరుస కొంత తోడ్పడుతుందని అనుకోవచ్చు. ఆ పువ్వు నిర్మాణం దగ్గర కాసేపు ఆగి చూడదగింది. పొడవాటి కాడ చివర తల వంచుకున్న పువ్వులో కీలం తిరగేసిన గొడుగులా విచ్చుకుని ఉంటుంది. గొడుగుకు ఐదు కొనలు, ఒక్కో కొన వద్ద ఒక చిన్న కీలాగ్రం. ఐదు ఆకర్షక పత్రాలు ఆ కొనల మధ్య ఖాళీల్లో తెరల్లా వేలాడతాయి. లోపలికి దూరాలంటే బంబుల్ తేనెటీగ కొన దగ్గరే దూరాలి, అప్పుడు అది మోసుకొచ్చిన వేరే పువ్వు పుప్పొడి కీలాగ్రానికి అంటుతుంది. లోపల గొడుగులో రాలి ఉన్న కొత్త పుప్పొడిలో పొర్లి, బయటికి వచ్చేటప్పుడు తెరను పక్కకు నెట్టుకుని పోతుంది, కీలాగ్రాన్ని మళ్ళీ తాకదు. ఇంత జాగ్రత్తగా పరపరాగసంపర్కాన్ని ఏర్పాటు చేసుకున్న ఈ ప్రజాతిలో జాతులన్నీ ఒకదానితో ఒకటి కలిసి, మళ్ళీ విత్తనం కట్టగల సంకరాలనే ఇస్తాయి. తోటల్లో కనిపించే వందలాది రకాలు అలా పుట్టినవే. మొదటిసారి పెంచేవారికి అరుదైన శుద్ధజాతి కంటే, పర్పూరియా గానీ ఫ్లేవా గానీ ఒక తల్లిగా ఉన్న గట్టి సంకరమే మంచి తోడు.

విత్తనం నుంచి పెంచడానికి ఓపిక కావాలి. శరదృతువులో పండిన విత్తనాన్ని తడి నాచులో నాలుగు నుంచి ఆరు వారాలు ఫ్రిజ్‌లో ఉంచితే గానీ సరిగా మొలవదు. విత్తనానికి కూడా చలికాలం గడిచిందని తెలియాలి. మొలిచాక పూర్తి పరిమాణం కూజా రావడానికి నాలుగైదేళ్ళు పడుతుంది. కొమ్మును విడదీసి నాటడం దీనికంటే త్వరగా ఫలిస్తుంది.

జాతుల ఎంపికలో కాలం కూడా చూసుకోవాలి. ఫ్లేవా వసంతంలోనే తన పొడవాటి పసుపు కూజాలను నిలబెడుతుంది. ఒరియోఫిలా ఇంకా తొందరది. తన సొంత నేల నడివేసవిలో ఎండుతుంది కాబట్టి అప్పటికల్లా కూజాలను వదిలేసి, కొడవలిలా వంగిన చదునైన ఆకులతో మిగిలిన కాలం గడుపుతుంది. అది చూసి మొక్క జబ్బుపడిందని కంగారుపడనక్కరలేదు. ల్యూకోఫిల్లా దీనికి పూర్తిగా భిన్నం, అందరూ ముచ్చటపడే దాని తెల్లని కూజాలు శరదృతువు ముందు వస్తాయి. ఈ మూడింటినీ ఒకే మడిలో నాటితే ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఏదో ఒకటి నిండుగా ఉంటుంది. ఇదే కుటుంబానికి చెందిన డార్లింగ్‌టోనియా, అంటే పడగ విప్పిన నాగులా కనిపించే మొక్క, ఉత్తర కాలిఫోర్నియా, ఆరెగాన్‌లలో చల్లని ఊటనీరు వేళ్ళ మధ్య పారే చోట పెరుగుతుంది. చలి దానికి సమస్య కాదు, వేసవి రాత్రులు వెచ్చగా ఉండటమే సమస్య. వేళ్ళు వేడెక్కితే బలమైన మొక్క కూడా కొద్ది రోజుల్లో కూలిపోతుంది.

మొక్కను ఎక్కడ నుంచి తెచ్చుకుంటున్నామన్నది చిన్న విషయం కాదు. తీరమైదానాల్లోని పచ్చికబయళ్ళను పొలాలకూ పైన్ తోటలకూ కాలువలు తీసి ఎండగట్టారు. పొదలను అదుపులో ఉంచే సహజమైన కార్చిచ్చులను ఆపేయడంతో మిగిలిన చోట్ల కూడా నీడ కమ్మి మొక్కలు నశించాయి. ఒరియోఫిలాను అమెరికా 1979లో అంతరించే ప్రమాదమున్న జాతిగా ప్రకటించింది. అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం దాన్ని అత్యంత కట్టుదిట్టమైన మొదటి జాబితాలో ఉంచింది. నర్సరీలో విడదీసి పెంచిన మొక్కలు అందుబాటులో ఉన్నప్పుడు అడవి నుంచి తవ్వి తెచ్చినదాన్ని కొనడానికి ఏ సమర్థనా లేదు. దీనికి రెండో వైపు కూడా ఉంది. 1906లో ఐర్లండ్‌లోని రోస్కామన్ కౌంటీ బురదనేలలో నాటిన పర్పూరియా అక్కడ స్థిరపడి, తర్వాత ఇతర బురదనేలల్లోకీ వ్యాపించి, స్థానిక నాచును, చిన్న మొక్కలను అణచివేసింది. చలిని ఇంత బాగా తట్టుకునే మొక్క తనకు సరిపడే నేల దొరికితే మనిషి సాయం లేకుండానే పెరుగుతుంది. అందుచేత పండిన కాయలను రాలకముందే కోసుకోవడం, మిగిలిన కొమ్ములను చిత్తడినేలల దగ్గర పారవేయకపోవడం పెంపకందారుడి బాధ్యత.

చలికాలం చివర, గట్టి మంచు తగ్గుముఖం పట్టాక, కొత్త ఎదుగుదల కనిపించకముందే పాత కూజాలను కత్తిరించాలి. నిలువు కూజాల జాతుల్లో పూర్తిగా ఎండిన వాటిని కొమ్ముకు రెండు మూడు సెంటీమీటర్ల పైన కోసేయవచ్చు, పచ్చదనం మిగిలిన భాగాన్ని ఉంచడం మేలు. పర్పూరియా, సిట్టసైనా ఆకులు ఏడాదికి మించి బతుకుతాయి కాబట్టి వాటిలో పూర్తిగా నల్లబడ్డవి తప్ప వేరేవి ముట్టుకోకూడదు. కొమ్ము విడదీయడానికీ, కుండీ మార్చడానికీ తగిన సమయం కూడా ఇదే. కత్తిరించిన చోట వంగి చూస్తే, ఎండుటాకుల మొదళ్ళ మధ్య, కొమ్ము ముందుకొసన శనగగింజంత ఎర్రని గుండ్రటి మొగ్గ ఒకటి నేలలోంచి తల ఎత్తుతూ ఉంటుంది. కత్తెర ఆ పక్కకు పోకుండా చూసుకోవాలి.